మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా

(తెనాలిలో పద్యనాటక అభిమానుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తెనాలిలో నిలబడి పద్యనాటకం గురించి మాట్లాడమంటే ఎవరికైనా టెన్షన్‌గానే ఉంటుంది. ఇది స్థానం నరసింహారావు గారు సత్యభామగా మెప్పించిన ఊరు. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా పట్టేసే పెద్దలు ముందు వరుసలోనే కూర్చున్నారు. వాళ్ళనే ఒక మాట అడుగుతాను.

పాండవోద్యోగంలోంచి మీకు ఎన్ని పద్యాలు నోటికి వచ్చు? పది? పదిహేను? అటువైపు ఎవరో ఇరవై అంటున్నారు, సంతోషం. సరే, పాండవ ప్రవాసంలోంచి ఎన్ని? పాండవ రాజసూయంలోంచి? ఒక్కటైనా?

తిరుపతి వేంకట కవులు పాండవుల కథను ఆరు నాటకాలుగా రాశారు. జననం, ప్రవాసం, రాజసూయం, ఉద్యోగం, విజయం, అశ్వమేధం. మనకు మిగిలినవి ఉద్యోగ విజయాలు రెండే. ఆ రెండింటినీ కలిపి కురుక్షేత్రం అని ఆడుకుంటున్నాం. అందులోనూ పడక సీను, రాయబారం సీను, ఇంకో రెండు మూడు ఘట్టాలు. మిగతా నాలుగు నాటకాలూ బీరువాల్లో ఉన్నాయి. రాసింది అదే కవులు, అదే చెయ్యి. మరి వాటి పద్యాలు మన గొంతుల్లోకి ఎందుకు రాలేదు? బాగాలేక రాలేదా, మనం నోరు తెరిచి చూడక రాలేదా? ఈ ప్రశ్న నుంచే మా ఆదివారం కూటం మొదలైంది. ఈ రోజు దాని సంగతే చెప్పాలని వచ్చాను.

మేం చేసే పని చాలా చిన్నది. నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో చాపలు పరుచుకుని కూర్చుంటాం. ఒక హార్మోనియం, ఒక తబలా. తబలా లేకపోయినా నడుస్తుంది. ఎవరూ ఆడని పాత నాటకం ఒకటి ఎంచుకుని, పెద్ద అక్షరాల్లో జిరాక్సులు తీయించి, మొదటి పేజీ నాంది నుంచి చివరి భరతవాక్యం దాకా పాడతాం. వేషం లేదు, తెర లేదు, టికెట్టు లేదు, మైకు లేదు. ప్రేక్షకులు కూడా లేరు. గదిలో ఎంతమంది ఉంటే అంతమందీ పాడేవాళ్ళే. వచనం వచ్చినచోట వచనం చదువుతాం, పద్యం వచ్చినచోట పద్యం ఎత్తుకుంటాం. మధ్యలో టీలు, ఉప్మా. చీకటి పడేసరికి నాటకం పూర్తవుతుంది. కొన్ని నాటకాలు ఒక ఆదివారానికి లొంగవు, రెండో ఆదివారం కూడా తీసుకుంటాయి.

మా పద్ధతుల్లో కొన్ని గట్టివి ఉన్నాయి. పాత్ర ఏ ఒక్కరి సొత్తూ కాదు. రంగం మారినప్పుడల్లా పాత్ర చేతులు మారుతుంది. మొదటి రంగంలో రాజు పద్యాలు పాడినాయన రెండో రంగంలో ద్వారపాలకుడి మాట చదువుతాడు. ఏ ఘట్టమూ వదిలిపెట్టం. పద్యం చివర రాగం ఒక్క ఊపిరికి మించకూడదు. వన్స్ మోర్ అనకూడదు. పాడడం రానివాళ్ళు శ్రుతిలో చదివితే చాలు. మా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు గారు నాకు రాగం రాదండీ అంటూనే కూర్చుంటారు. ఆయన కంద పద్యం చదివితే ప్రతి మాటా విడివిడిగా, గట్టిగా వినిపిస్తుంది. పాడేవాళ్ళం ఆయన దగ్గర నేర్చుకుంటున్నాం.

ఏ ఘట్టమూ వదలం అన్నది అందరికీ ఇబ్బందిగానే ఉంటుంది. అన్ని పాత నాటకాలూ గొప్పవని నేను అనను. కొన్నిట్లో రెండో అంకం సాగుతుంది. కొన్నిట్లో సంస్కృత సమాసం నాలుగు పాదాలూ ఆక్రమించి, పాడేవాడికి ఊపిరి, వినేవాడికి అర్థం రెండూ దొరకవు. అయినా పాడతాం. ఒక నాటకం ఎందుకు నిలవలేదో తెలియాలన్నా దాన్ని ఒకసారి గొంతులోంచి పోనివ్వాల్సిందే. కళ్ళతో చదివి తీర్పు చెబితే సగమే తెలుస్తుంది. ఎందుకంటే రాసినవాళ్ళు కళ్ళకోసం రాయలేదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. నాటకం మొత్తం పోయి నాలుగు సీన్లు మిగలడం ఎలా జరిగింది?

పాత రోజుల్లో నాటక సమాజాలు ఉండేవి. మైలవరం రాజా వారి బాలభారతీ సమాజం నటులకు జీతాలిచ్చి, నెలల తరబడి రిహార్సల్స్ చేయించి ఆడించేది. పాపట్ల కాంతయ్య గారి లాంటి సంగీతకారులు పద్యాలకు వరసలు కట్టేవారు. సమాజంలో పనిచేసే నటుడికి మొత్తం నాటకం తెలుసు. తర్వాత కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. పేరున్న నటులను నాలుగు ఊళ్ళ నుంచి ఒక రాత్రికి పిలిపిస్తారు. రిహార్సల్ ఉండదు. ఒకే నాటకంలో కృష్ణుడు వేషం ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు వేస్తారు. ఒకాయన పడక సీనుకి, ఒకాయన రాయబారానికి. అప్పుడు అందరికీ ఉమ్మడిగా వచ్చిన పద్యాలే నాటకం అవుతాయి కదా! ఇందులో నటులను తప్పు పట్టే పని లేదు. తెల్లవార్లూ గొంతు చించుకుని పాడి, పొద్దున్నే బస్సెక్కి ఇంకో ఊరు వెళ్ళి బతికినవాళ్ళు వాళ్ళు. కానీ ఆ పద్ధతిలో విదూషకుడు పోయాడు, చెలికత్తె పోయింది, దూత పోయాడు, కథ నడిచే చిన్న సీన్లన్నీ పోయాయి.

గ్రామఫోన్ కూడా ఆ పనే చేసింది. రికార్డు ఒక వైపు పట్టేది దాదాపు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ఇమిడిన పద్యం ఊరూరా తిరిగింది. ఇమడనిది ఆగిపోయింది. ఆనాటి రంగస్థల గాయకుడు కపిలవాయి రామనాథశాస్త్రి గారి గొంతు ఈనాడు మనకు వినిపిస్తోందంటే ఆ రికార్డుల పుణ్యమే, దానికి చేతులెత్తి దండం పెట్టాలి. అయితే రికార్డు మనకు పద్యాన్ని ఇచ్చింది, నాటకాన్ని ఇవ్వలేదు. ఇక రేడియో సంగతి. 1940లో రేడియోలో హార్మోనియంను నిషేధించారు. మూడు దశాబ్దాలు గడిచాక గానీ ఆ పట్టు సడలలేదు. మన పద్యానికి ప్రాణమైన పెట్టె అన్నేళ్ళు ఆ గుమ్మం బయటే ఉంది.

హార్మోనియం మాట వచ్చింది కాబట్టి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి దగ్గరికి వెళ్ళాలి. బళ్ళారిలో వకీలు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు. సరస వినోదినీ సభ అనే నాటక సమాజం ఆయనదే. నాటకంలో పద్యాలతో పాటు పాటలు ఇమిడ్చి, వాటిని పాత్రల చేత రంగస్థలం మీద పాడించే పద్ధతికి ఊపు తెచ్చిన మనిషి. ఆయన విషాద సారంగధర తెలుగులో తొలి విషాదాంత నాటకమని చదువుకున్నాం, పరీక్షల్లో రాశాం. దాన్ని పాడగా విన్నవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది? 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది. ఆ ఊరితో పాటు ధర్మవరం వారు, అక్కడి మరో నాటకకర్త కోలాచలం శ్రీనివాసరావు గారు కూడా మన వాడుకలోంచి కొంచెం దూరం జరిగిపోయారని నాకనిపిస్తుంది. నటుడు బళ్ళారి రాఘవ గారి పేరు మాత్రం అందరికీ గుర్తుంది.

పాత నాటకాల ప్రతుల్లో పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. స్వరం ఉండదు. వరస ఎలా నడిచిందో హార్మోనిస్టు వేళ్ళకే తెలుసు, ఆయనతోనే పోయింది. మరి మేమేం చేస్తాం? మా హార్మోనిస్టు గారికి ఎనభై దాటాయి. కుర్రతనంలో కాలు హార్మోనియం, అంటే కాలితో తొక్కుతూ వాయించేది, వాయించిన మనిషి. ఆయనకు పాత వరసలు కొన్ని గుర్తున్నాయి. గుర్తున్నది వాయిస్తారు. గుర్తులేనిచోట, ఇది కాఫీ రాగం, ఆదితాళం, అక్షరాలు ఇంత పొడుగున్నాయి, ఇలా నడిచి ఉండొచ్చు అని ఒక దారి వేస్తారు. అది అసలు వరస అని మేం ఎక్కడా చెప్పుకోం. జిరాక్సు మీద పెన్సిల్‌తో ఆయన పేరు, తేదీ వేసి, మేం కట్టుకున్న వరస అని రాసిపెడతాం. రేపు ఎవరి ఇంట్లోనైనా పాత నోటు పుస్తకం దొరికితే మాది కొట్టేసి అసలుది రాసుకోవచ్చు.

పద్యానికి మాత్రం దారి పద్యంలోనే ఉంటుంది. ఇది చూపించాలని హార్మోనియం తెప్పించాను. కొంచెం శ్రుతి పట్టండి బాబూ. ఆ... చాలు. మీ అందరికీ తెలిసిన పాదమే తీసుకుందాం.

బావా యెప్పుడు వచ్చితీవు, సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్.

శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, యతి 13వ అక్షరం మీద. లెక్కపెట్టండి. బా నుంచి మొదలుపెడితే లే దగ్గరికి 12. పదమూడోది భ్రా. ‘బా’ అక్షరానికీ ‘భ్రా’ అక్షరానికీ యతి. కవి సుఖులే అని అడిగి అక్కడ మనకు ఊపిరి తీసుకునే చోటు ఇచ్చాడు. కృష్ణుడు నిద్రలేచి దుర్యోధనుణ్ణి చూసి కుశలం అడుగుతున్నాడు. సుఖులే అని ఆగితే, ఎదుటివాడి ముఖంలోకి చూస్తున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత తమ్ముళ్ళు, కొడుకులు, చుట్టాలు అని వరసగా వస్తారు. అదే పాదాన్ని వచ్చితీవు దగ్గర రాగం తీసి, సుఖులే భ్రాతల్ కలిపేసి పాడితే పలకరింపు పోయి సంగీతం మాత్రం మిగులుతుంది. రెండూ పాడి వినిపిస్తాను... విన్నారుగా.

తెలిసిన పద్యంలో దీన్ని గమనించడం కష్టం. ఎందుకంటే పెద్ద నటుల బాణీ మన చెవుల్లో ముందే ఉంటుంది. ఎప్పుడూ వినని పద్యం చేతికి వచ్చినప్పుడు అనుకరించడానికి ఎవరూ ఉండరు. అప్పుడు యతి చూస్తాం, విరుపు చూస్తాం, ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారో చూస్తాం. రాగం ఆ తర్వాత వస్తుంది. బళ్ళారి రాఘవ గారు నాటకంలో పాట శ్రుతి మించిపోతోందని, సందర్భం మరిచి రాగాలు తీస్తున్నారని గట్టిగా అనేవారు. చాలామందికి అది రుచించలేదు. మా చాప మీద కూర్చున్నాక ఆయన మాట నాకు సబబుగా తోచింది. చప్పట్లు కొట్టేవాళ్ళు లేనిచోట రాగం తనంతట తనే తగ్గుతుంది, అర్థానికి ఎంత కావాలో అంతే ఉంటుంది.

వరవిక్రయం గురించి చెప్పాలి. కాళ్ళకూరి నారాయణరావు గారిది. పేరు అందరికీ తెలుసు. 1939లో సినిమా వచ్చింది, భానుమతి గారి మొదటి సినిమా అదే, కాళింది వేషం. కానీ నాటకాన్ని మొత్తం విన్నవాళ్ళు అరుదు. మేం మొదలుపెట్టేముందు నేనూ అనుకున్నాను, కట్నం మీద రాసిన ఉపదేశ నాటకం కదా, భారంగా నడుస్తుందని. పాడుతుంటే తేలింది వేరు. పిసినారి సింగరాజు లింగరాజు మాటలు చదువుతుంటే చదివేవాళ్ళకే నవ్వాగలేదు. డబ్బు లెక్కలు, వడ్డీ లెక్కలు, ఎదుటివాడి జేబు మీద కన్ను. ఇవన్నీ వచనం. నవ్వు మధ్యలోనే కాళింది చనిపోతుంది. అక్క పోయాక చెల్లెలు కమల అదే సంబంధానికి ఒప్పుకుంటుంది. చివరికి కోర్టులో నిలబడి, డబ్బిచ్చి కొన్న మొగుడు కాబట్టి ఆయనే మా ఇంటికి రావాలి అని వాదిస్తుంది. ఆ రంగంలో కమల మా కూటంలోని ఒక టీచరమ్మ వంతుకు వచ్చింది. ఆవిడ రాగం తగ్గించి, ఒక్కో మాటా లాయరులా పేర్చుకుంటూ వెళ్ళింది. ఆవిడ పక్కనే ఇంటర్ చదివే అమ్మాయి కూర్చుంది. రంగం అయిపోగానే, ఇది ఎప్పుడు రాశారండీ అని అడిగింది. వందేళ్ళు దాటింది అని చెబితే పుస్తకం తీసుకుని మళ్ళీ ఆ పేజీలే తిప్పుకుంటూ కూర్చుంది.

ఒక్క సీనుగా ఆడితే ఆ కోర్టు రంగానికి ఆ బలం ఉండదు. ముందు లింగరాజు లెక్కలన్నీ విని, తర్వాత కాళిందిని పోగొట్టుకుని ఉంటేనే కమల మాట తగలాల్సిన చోట తగులుతుంది. మొత్తం పాడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇంకో సంగతి. ఒకప్పుడు ఆడవాళ్ళ వేషాలు మగవాళ్ళు వేశారు. స్థానం వారి లాంటి మహానుభావులు ఆ కళను ఎక్కడికో తీసుకెళ్ళారు. మా చాప మీద దుర్యోధనుడి పద్యం ఒక గృహిణి పాడుతుంది, ద్రౌపది పద్యం ఒక బ్యాంకు ఉద్యోగి పాడతాడు. వేషం లేదు కాబట్టి గొంతుకి అడ్డు లేదు. మగ శ్రుతి, ఆడ శ్రుతి కలవడమే కష్టం. హార్మోనిస్టు గారు రంగానికి రంగానికి మధ్య శ్రుతి మారుస్తూ కూర్చుంటారు.

చింతామణి ప్రస్తావన తేకుండా వెళ్తే దాటవేసినట్టు అవుతుంది. అదీ కాళ్ళకూరి వారిదే. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని ప్రదర్శనలను నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్రను చూపించిన తీరు వల్ల ఒక సామాజిక వర్గం వారు ఏళ్ళ తరబడి బాధపడ్డారు. ఆ బాధ నిజమైనది. దాన్ని తేలిక చేసి మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించను. అయితే స్టేజీ మీద దశాబ్దాలుగా పేరుకున్న చవకబారు హాస్యంలో చాలా భాగం పుస్తకంలో ఉన్నది కాదు. నటులు నవ్వుకోసం ఒక్కో మాటే చేర్చుకుంటూ పోయారు. కాళ్ళకూరి వారు వేశ్యాలోలత్వం మీద రాసిన నాటకం కాస్తా ఆ నవ్వుల కింద పడిపోయింది. పుస్తకం తెరిచి చూసుకునే అలవాటు మనకు ఉండి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో.

స్టేజీ చేర్చిందంతా చెడ్డదని అనడం లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్రీయం 1912 నాటిది. కాటి సీనులో ఈ రోజు మనం వినే జాషువా గారి పద్యాలు అందులో ఎలా ఉంటాయి? అప్పటికి జాషువా గారికి 17 ఏళ్ళు. ఆ శ్మశానవాటి పద్యాలను తర్వాత నటులు తెచ్చి అక్కడ పెట్టారు. ఎవరు తెచ్చారో గానీ, తెలుగు నాటకానికి అంతకంటే గొప్ప కానుక లేదు. అంటరానివాడని తోసేసిన కవి మాటలు, కాటికాపరిగా నిలబడ్డ చక్రవర్తి నోట ఊరూరా మోగాయి. హరిశ్చంద్ర పాడినప్పుడు మేం బలిజేపల్లి వారి కాటి సీను ఉన్నది ఉన్నట్టు పాడి, కాస్త ఆగి, జాషువా గారి పద్యాలు విడిగా అందరం కలిసి పాడతాం. ఏది ఎవరిదో తెలిసి పాడడం వేరు కదా.

ఈ తరహా పని లోకంలో మేమొక్కళ్ళమే చేస్తున్నామని కాదు. న్యూయార్క్ సిటీ సెంటర్‌లో ఎన్‌కోర్స్ అని 1994 నుంచి ఒక కార్యక్రమం నడుస్తోంది. మరుగునపడ్డ మ్యూజికల్స్, అంటే పాటల నాటకాలు, తీసుకుని, కొద్ది రోజుల రిహార్సల్‌తో పాడించడం దాని పద్ధతి. మొదట్లో నటులు చేతిలో స్క్రిప్టు పట్టుకునే పాడేవారు. 1975 నాటి షికాగో అనే మ్యూజికల్‌ను 1996లో అలా పాడించారు. అదే ఏడు బ్రాడ్‌వేకి వెళ్ళిన ఆ ప్రదర్శన నేటికీ నడుస్తోంది. వాళ్ళకు ఆర్కెస్ట్రా ఉంది, డబ్బుంది, మనతో పోలిక లేదు. కానీ చేతిలో పుస్తకం ఉన్నా సిగ్గుపడక్కర్లేదన్న ధైర్యం మాత్రం మనమూ తెచ్చుకోవచ్చు. కంఠతా వస్తేనే పాడాలి అన్న పట్టుదల మన దగ్గర చాలామందిని నోరు విప్పనివ్వడం లేదు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది. దాని మొదళ్ళలో వడ్డాది సుబ్బారాయుడు గారి పేరిట వెలసిన వసురాయ గ్రంథాలయం ఉంది. వేణీసంహారాన్ని తెలుగు చేసిన కవి ఆయనే, అంటే నాటకం రాసిన కవి పేరే ఆ బీరువాల పునాదిలో ఉంది. వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. ఇంటర్నెట్‌లో ఆర్కైవ్ సైటులో పాత అచ్చు ప్రతుల స్కాన్లు ఉన్నాయి. ఫోన్లో దించుకోవచ్చు. కొన్ని పేజీలు మసగ్గా ఉంటాయి, కొన్నిచోట్ల పురుగు తిన్న కన్నాలు కూడా స్కాన్ అయ్యాయి. కన్నం పడ్డచోట ఏ అక్షరం ఉండాలో గణం చూసి, యతిప్రాసలు చూసి పట్టుకోవడం మా కూటంలో పిల్లలకు చాలా ఇష్టమైన పని. ఛందస్సు పరీక్షకోసం కాకుండా పనికోసం నేర్చుకుంటున్నారు.

తెనాలిలో ఇలాంటి కూటం ఒకటి మొదలవ్వాలి. దానికి సభ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, అధ్యక్షుడు అసలే అక్కర్లేదు. అయిదారుగురు మనుషులు, ఒక హార్మోనియం, ఒక పుస్తకం చాలు. పెద్దలను నేను అడగదలచుకున్నది ఇదే. మీకు వచ్చిన వరసలు మీతో ఉన్నప్పుడే, ఒక్క ఆదివారం మధ్యాహ్నం పిల్లల పక్కన కూర్చోండి. మీకు రాని నాటకమే ఎంచుకోండి. మీరూ పుస్తకం చూసి పాడుతుంటే పక్కనున్న కుర్రాడికి భయం పోతుంది.

ప్రసంగం ఇంతే. సాయంత్రానికి ఇంకా టైముంది కాబట్టి విషాద సారంగధర మొదటి అంకం జిరాక్సులు తెచ్చాను. ఇద్దరికి ఒకటి చొప్పున వస్తాయి, ముందు వరుస నుంచి వెనక్కి పంపండి. కుర్చీలు కొంచెం దగ్గరికి జరుపుకోండి. నాంది అందరం కలిసి ఎత్తుకుందాం. అక్కడి నుంచి పద్యాలు కుడి వైపు నుంచి మొదలు. తెల్లచొక్కా మాస్టారూ, మొదటిది మీదే. శ్రుతి ఎంత కావాలో హార్మోనియం బాబుకి చెప్పండి.